బంతి తెలిసినవారా, పద్దు తెలిసినవారా: ఫుట్‌బాల్ క్లబ్బుల పెత్తనంపై ఒక సమీక్ష

ఫుట్‌బాల్ క్లబ్ పైవరుసలో సాధారణంగా నాలుగు కుర్చీలుంటాయి. డబ్బు పెట్టి లాభనష్టాలకు పూచీపడే యజమాని లేదా అధ్యక్షుడిది మొదటిది. ఉద్యోగులు, ఒప్పందాలు, స్పాన్సర్లు, టికెట్లు, లైసెన్సు కాగితాలు చూసుకునే సీఈఓది రెండోది. ఏ ఆటగాణ్ణి కొనాలి, ఎవరిని వదులుకోవాలి, కోచ్‌గా ఎవరిని తేవాలి అన్నవి తేల్చే స్పోర్టింగ్ డైరెక్టర్‌ది మూడోది. జట్టును మైదానంలోకి దింపే హెడ్ కోచ్‌ది నాలుగోది. నాలుగో కుర్చీకి ఆట తెలిసినవారే కావాలన్న విషయంలో పేచీ లేదు. ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య లైసెన్సు నిబంధనలు కూడా కోచ్‌కు ఫలానా డిప్లొమా ఉండి తీరాలంటాయి. క్లబ్‌కు జనరల్ మేనేజర్ ఉండాలి, ఫైనాన్స్ అధికారి ఉండాలి అని కూడా అంటాయి గానీ, వాళ్ళు ఎప్పుడైనా బంతి తన్నారా అని అడగవు. తగాదా అంతా ఆ అడగని చోటే ఉంది.

ఆట తెలిసినవారే పైన ఉండాలనేవారి వాదం ఇలా సాగుతుంది. ఫుట్‌బాల్‌లో గోల్స్ తక్కువ, అదృష్టం పాలు ఎక్కువ. బాగా ఆడి ఓడిన మ్యాచ్‌కీ, చెత్తగా ఆడి ఓడిన మ్యాచ్‌కీ స్కోరు ఒకటే ఉండొచ్చు. ఆ తేడా పోల్చుకోలేని యజమాని మూడు ఓటములకే కోచ్‌ను సాగనంపుతాడు, ఏజెంట్ చూపించిన వీడియో నమ్మి ముసలి గుర్రాన్ని కొంటాడు. ఎదుటి పక్షం వాదమూ తేలిగ్గా తీసిపారేసేది కాదు. క్లబ్ అంటే జీతాలు, పన్నులు, అద్దెలు, కోర్టు నోటీసులు ఉన్న సంస్థ. మాజీ ఆటగాళ్ళకు తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, తమతో ఆడిన స్నేహితులే ప్రతి ఉద్యోగానికీ అర్హులు, బయటి లెక్కలు తెచ్చేవాడు ఎప్పుడూ అనుమానితుడే.

ఈ చర్చలో ఎక్కువ గందరగోళం 'అనుభవం' అనే మాట దగ్గరే పుడుతుంది. పెద్ద స్థాయిలో ఆడిన అనుభవం ఒకటి. ఆటగాళ్ళను వెతికి, తీర్చిదిద్దిన అనుభవం మరొకటి. క్లబ్‌నో సంఘాన్నో ఏళ్ళ తరబడి నడిపిన అనుభవం ఇంకొకటి. ఈ మూడూ ఒకే మనిషిలో ఉండటం అరుదు. వాదించేవారు మాత్రం తమకు అనుకూలమైనదాన్ని పట్టుకుని మొత్తానికి అదే పేరు పెడతారు. ఈ ప్రశ్నను పరీక్షించడానికి తెలుగువారికి దూరం వెళ్ళే పనిలేదు. అరవై ఏళ్ళ ఎడంతో హైదరాబాద్ నగరమే రెండు విరుద్ధ ఉదాహరణలు ఇచ్చింది.

రహీం సాబ్ కాలం

1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్‌ను హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గెలుచుకుంది. 1950లోనే డ్యూరాండ్ కప్‌నూ తెచ్చుకుంది, ఆ తర్వాత 1961 లోపు మరో మూడుసార్లు గెలిచింది. హైదరాబాద్ రాష్ట్ర జట్టు 1956-57, 1957-58లలో సంతోష్ ట్రోఫీని ఎత్తింది. ఈ గెలుపులన్నిటి వెనకా ఉన్న పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా బడిపంతులు. ఉస్మానియాలో చదివి, వ్యాయామ విద్యలో శిక్షణ పొంది, స్థానిక జట్లలో ఆడినవాడు. ఆటగాడిగా దేశవ్యాప్తంగా పేరు మోసినవాడేమీ కాదు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. 1950 నుంచి పోలీస్ జట్టుకు కోచ్. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్ స్వర్ణాలు గెలిచినప్పుడూ, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచినప్పుడూ జాతీయ జట్టు కోచ్ ఆయనే. 1963 జూన్‌లో కేన్సర్‌తో మరణించే దాకా సంఘం కార్యదర్శి పదవీ ఆయన చేతిలోనే ఉంది.

కార్యదర్శి, కోచ్ ఒకే మనిషి కావడం వల్ల ఏం జరిగిందన్నదే ఇక్కడ చూడాల్సిన విషయం. సంఘం కార్యదర్శి పని కాగితాలదే కావచ్చు, కానీ స్థానిక టోర్నమెంట్లు ఏ నియమాలతో ఆడాలో నిర్ణయించేది ఆ కాగితాలే. రహీం కుర్రాళ్ళకు డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టాడు, అలవాటు లేని కాలితోనే బంతి ఆడాలనే పోటీలు పెట్టాడు. బంతిని కాలికి అంటించుకుని నలుగుర్ని దాటించాలనే మోజు అప్పటి మన ఆటలో జాస్తి. దాన్ని కోచ్ మందలింపుతో మాన్పించవచ్చు, అయితే ఒక్క జట్టులోనే. కార్యదర్శి నిబంధనతో మాన్పిస్తే నగరమంతా మానుతుంది. పైకుర్చీలో ఆట తెలిసినవాడు ఉంటే కలిగే లాభం ఎలాంటిదో చూపే ఉదాహరణ ఇంతకంటే స్పష్టమైనది మరోచోట దొరకడం కష్టం. తుల్సీదాస్ బలరాం, నూర్ మహమ్మద్, యూసుఫ్ ఖాన్, జుల్ఫికరుద్దీన్ వంటివారు పెరిగిన వాతావరణం ఇది.

ఇక రెండో సగం. పోలీస్ జట్టుకు డబ్బు రహీం తేలేదు. ఆటగాళ్ళకు జీతం, ఖాకీ ఉద్యోగం, ఆట అయిపోయాక కూడా నెల తిరిగేసరికి చేతికందే భరోసా, ఇవన్నీ పోలీసుశాఖ సమకూర్చినవి. ఆ శాఖ పెద్దలు ఫుట్‌బాల్ శాస్త్రం చదివినవాళ్ళు కారు. జట్టును పోషించారు, ఆట సంగతి తెలిసినవాడికి వదిలేశారు. ఈనాటి భాషలో చెప్పాలంటే మొదటి రెండు కుర్చీలూ శాఖవి, చివరి రెండూ రహీంవి. పైగా సంఘం కార్యదర్శి హోదాలో నగరం మొత్తానికి ఆట విధానం కూడా ఆయనదే. ఈ అమరిక కాగితం మీద ఎవరూ రాసుకున్నది కాదు. ఒక మనిషి మీద ఉన్న నమ్మకంతో నడిచింది.

అందుకే ఆ మనిషి పోయాక నిలవలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది, అంతే, ఆ తర్వాత మళ్ళీ ఆ కప్పు ఇటు రాలేదు. సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వంటి మేటి ఆటగాళ్ళు తరువాత కూడా పుట్టుకొచ్చారు, కానీ వాళ్ళ పేరు మార్మోగింది ఎక్కువగా కలకత్తా మైదానాల్లో. హైదరాబాద్ క్షీణతకు కారణాలు వెతికేవారు కలకత్తా క్లబ్బుల డబ్బునీ, ప్రభుత్వ సంస్థల జట్లు పలచబడటాన్నీ, సంఘాల్లో ముఠాలనూ, క్రికెట్ గాలినీ చెబుతారు. అన్నీ నిజమే. వాటితోపాటు చెప్పాల్సింది మరొకటుంది. రహీంకు తెలిసినది రహీం తలలోనే ఉండిపోయింది. ఆయన తర్వాత కార్యదర్శి కుర్చీలో కూర్చున్నవారికి ఆ టోర్నమెంట్ల నియమాలు ఎందుకు అలా ఉన్నాయో చెప్పే పుస్తకమూ లేదు, చెప్పాల్సిన బాధ్యతగల ఉద్యోగీ లేడు.

హైదరాబాద్ ఎఫ్‌సీ ఆరేళ్ళ కథ

2019 ఆగస్టులో పుణె క్లబ్ మూతపడిన ఖాళీలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లోకి వచ్చింది. యజమానులు విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని. తర్వాత నటుడు రానా దగ్గుబాటి కూడా చేరారు. వీరిలో త్రిపురనేని అంతకుముందు కేరళ బ్లాస్టర్స్‌కు సీఈఓగా పనిచేసినవారు, అంటే క్లబ్ నడిపిన అనుభవం ఉన్నవారు. పై వరుసలో ఫుట్‌బాల్ అనుభవం ఉంటే క్లబ్ బాగుపడుతుందా అన్న ప్రశ్నకు ఇది దాదాపు ప్రయోగశాల.

తొలి సీజన్ దారుణం. ఇంగ్లండ్‌లో పేరున్న ఫిల్ బ్రౌన్‌ను కోచ్‌గా తెచ్చినా, 18 మ్యాచ్‌లలో 2 గెలిచి, 10 పాయింట్లతో అట్టడుగున ముగించింది. మరుసటి ఏడు బాధ్యత ఆల్బర్ట్ రోకాకు అప్పగిస్తే ఆయన బార్సిలోనాకు వెళ్ళిపోయాడు. 2020 ఆగస్టు చివర్లో స్పెయిన్ కోచ్ మనోలో మార్క్వెజ్ వచ్చాడు. అప్పటికి భారతదేశంలో ఎవరికీ పెద్దగా తెలియని పేరు. కుర్ర ఆటగాళ్ళను ధైర్యంగా ఆడించే కోచ్ ఆయన. 2020-21లో అయిదో స్థానం, 2021-22లో లీగ్‌లో రెండో స్థానం. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో ఫైనల్. కేరళ బ్లాస్టర్స్‌తో ఆట 1-1గా ముగిసింది. షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు, కప్పు హైదరాబాద్‌కు వచ్చింది. ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టిన బార్తలోమ్యూ ఓగ్బెచే లీగ్‌లోనే అగ్రస్థానం. 2022-23లో 42 పాయింట్లతో మళ్ళీ రెండో స్థానం. మూడేళ్ళలో అట్టడుగు నుంచి శిఖరానికి రావడం గాలివాటం కాదు. కోచ్‌ను ఎంచుకోవడంలోనూ, విదేశీ ఆటగాళ్ళను ఏరడంలోనూ, మొదటి సీజన్ పరాభవం తర్వాత బెదిరిపోకుండా ఉండటంలోనూ ఆట తెలిసిన చూపు కనిపిస్తుంది.

తర్వాత ఏడాదే ఇల్లు కూలింది. ఆటగాళ్ళకు, సిబ్బందికి జీతాలు ఆగాయి. బకాయిల కేసులతో కొత్త ఆటగాళ్ళ నమోదుపై నిషేధం పడింది. విదేశీయులు, అనుభవజ్ఞులు ఒక్కొక్కరుగా వెళ్ళిపోయారు. మిగిలిన కుర్రాళ్ళతో తంగ్‌బోయి సింగ్టో జట్టును నడిపాడు. 2023-24లో 22 మ్యాచ్‌లకు ఒకే ఒక్క గెలుపు, 8 పాయింట్లు. 2024లో బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ను తీసుకుంది. 2024-25లో 13 జట్లలో 12వ స్థానం. 2025 అక్టోబర్‌లో క్లబ్ ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. కప్పు గెలిచిన మూడున్నరేళ్ళకు గచ్చిబౌలి స్టేడియంలో ఆడుకోవడానికి హైదరాబాద్ పేరుతో ఐఎస్ఎల్ జట్టే లేకుండా పోయింది.

రహీం నాటి కథలో డబ్బు స్థిరంగా ఉంది, ఆట విద్య మనిషితో పోయింది. హైదరాబాద్ ఎఫ్‌సీ కథలో ఆట చూపు పైదాకా ఉంది, డబ్బు నిలవలేదు. ఐఎస్ఎల్‌లో ఆదాయం తక్కువ, ఖర్చు ఎక్కువ. లీగ్‌లో చాలా క్లబ్బులు యజమానుల జేబు లోతు మీదే బతుకుతాయి. ఆ జేబు ఎంత లోతో ముందే కొలిచి, ఓగ్బెచే స్థాయి జీతాలు మూడో ఏడు కూడా చెల్లించగలమా అని అడిగే మనిషి ప్రతి క్లబ్ పైవరుసలోనూ ఉండాలి. ఆ ప్రశ్న అడగడానికి ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో తెలియకపోయినా ఫరవాలేదు.

ఇదే ప్రాంతంలో మరో నమూనా శ్రీనిధి డెక్కన్. విశాఖపట్నంలో మొదలై హైదరాబాద్‌కు మకాం మార్చిన ఈ క్లబ్ వెనక ఉన్నది ఒక విద్యాసంస్థల సమూహం. ఐ-లీగ్‌లో 2021-22లో మూడో స్థానం, ఆ తర్వాతి రెండు సీజన్లలో రెండో స్థానం సాధించింది. విదేశీ కోచ్‌ల చేతికి జట్టునిచ్చి, పోషకులు తెర వెనక ఉండే తీరు. ఒక విధంగా పాత పోలీస్ జట్టు అమరికకు దగ్గరగా ఉన్నది ఇదే.

బయటి దేశాల అనుభవం

యూరప్‌లో రెండు పక్షాలకూ చెప్పుకోవడానికి కథలు పుష్కలంగా ఉన్నాయి. మాజీ ఆటగాళ్ళ పక్షం మొదట చూపేది బేయర్న్ మ్యూనిక్‌ను. మోకాలి గాయంతో ఆట మానేసిన ఉలీ హోనెస్ 1979లో 27 ఏళ్ళకే అక్కడ మేనేజర్ అయ్యాడు. అప్పులున్న క్లబ్‌ను యూరప్‌లోని సంపన్న క్లబ్బుల్లో ఒకటిగా మార్చాడు. తర్వాత కార్ల్-హైంజ్ రుమెనిగె 2002 నుంచి 2021 వరకు బోర్డు అధిపతి. అయితే ఈ కథ చెప్పేవారు సాధారణంగా వదిలేసే పేరొకటుంది. 1983 నుంచి దశాబ్దాలపాటు అక్కడ లెక్కలు చూసిన కార్ల్ హాప్ఫ్‌నర్. ఆటగాళ్ళ మధ్యలో ఒక గుమాస్తా ఎప్పుడూ ఉన్నాడు. రుమెనిగె తర్వాత వచ్చిన ఒలివర్ కాన్ ఆటగాడిగా ఎవరికీ తీసిపోడు, అయినా రెండేళ్ళు తిరగకుండానే, 2023 మేలో జట్టు లీగ్ గెలిచిన రోజే పదవి పోగొట్టుకున్నాడు. గోల్‌కీపర్‌గా పెనాల్టీ బాక్స్‌ను ఏలిన అధికారం బోర్డు గదిలోకి దానంతటదే రాదు.

అయాక్స్‌లో యోహాన్ క్రైఫ్ 2010-11లో మాజీ ఆటగాళ్ళే క్లబ్ నడపాలని ఉద్యమమే చేశాడు. ఫలితంగా ఎడ్విన్ వాన్ డర్ సార్, మార్క్ ఓవర్‌మార్స్ పైకి వచ్చారు. 2019లో ఆ క్లబ్ చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ చేరింది. గమనించదగ్గ విషయం, వాన్ డర్ సార్ నేరుగా అధిపతి కుర్చీలో కూర్చోలేదు. క్రీడా నిర్వహణలో చదువు చదివి, 2012లో మార్కెటింగ్ విభాగంతో మొదలుపెట్టి, 2016లో అధిపతి అయ్యాడు. ఆటగాడు పెత్తనం నేర్చుకోవడానికి నాలుగేళ్ళు పట్టింది. ఓవర్‌మార్స్ మాత్రం మహిళా సహోద్యోగులకు అనుచిత సందేశాలు పంపి 2022లో తప్పుకోవాల్సివచ్చింది. ఆట విద్య నడవడికకు హామీ ఇవ్వదు.

ఎదుటి పక్షానికి మాంచెస్టర్ యునైటెడ్ మింగుడుపడని ఉదాహరణ. డేవిడ్ గిల్ చార్టర్డ్ అకౌంటెంట్. ఆయన సీఈఓగా ఉండగా కప్పుల మీద కప్పులు వచ్చాయి, ఎందుకంటే పక్కనే అలెక్స్ ఫెర్గూసన్ ఉన్నాడు. 2013లో ఇద్దరూ ఒకేసారి వెళ్ళిపోయారు. గిల్ స్థానంలోకి బ్యాంకింగ్ రంగం నుంచి వచ్చిన ఎడ్ వుడ్‌వర్డ్ వచ్చాడు. వాణిజ్య ఒప్పందాల్లో ఆయన గట్టివాడే. కాని ఫెర్గూసన్ తలలో ఉన్నదాన్ని అందుకునే ఉద్యోగం ఆ క్లబ్‌లో లేనే లేదు. ఫుట్‌బాల్ డైరెక్టర్ అనే పదవిని వాళ్ళు సృష్టించుకున్నది 2021లో. ఆ ఎనిమిదేళ్ళలో ఖరీదైన కొనుగోళ్ళు జరిగాయి, లీగ్ టైటిల్ రాలేదు. హైదరాబాద్‌లో 1963లో జరిగినదానికీ దీనికీ పోలిక ఉంది. డబ్బు విషయంలో ఎంత తేడా ఉన్నా సరే, పోయింది అదే వస్తువు. తర్వాత యునైటెడ్ పూర్తిగా అవతలి ఒడ్డుకు దూకి, అనుభవజ్ఞుడని పేరున్న డాన్ ఆష్‌వర్త్‌ను 2024 జూలైలో తెచ్చుకుంది. అయిదు నెలలకే ఆయన వెళ్ళిపోయాడు.

రియల్ మాడ్రిడ్ అధ్యక్షుడు ఫ్లోరెంటీనో పెరెజ్ ఇంజనీరు, నిర్మాణ రంగ వ్యాపారి. 2003 వేసవిలో డేవిడ్ బెకమ్‌ను కొని, అదే వేసవిలో జీతం పెంచమన్న క్లోడ్ మకెలెలెను చెల్సీకి వదిలేశాడు. బెకమ్ చొక్కాలు అమ్ముడుపోయాయి. మకెలెలె చేసే పని చొక్కాల లెక్కలో కనిపించదు. ఎదుటివారి దాడిని మధ్యలోనే తుంచి, బంతిని పక్కవాడికి మామూలుగా అందించడం, అంతే. అది లేకపోతే వెనకవాళ్ళు నలుగురూ బజారున పడతారు. ఆ తర్వాత 2007 దాకా మాడ్రిడ్‌కు లీగ్ టైటిల్ రాలేదు, పెరెజ్ 2006లోనే తప్పుకున్నాడు. బంతి తెలిసినవాడి అవసరం ఏమిటని ఎవరైనా అడిగితే చూపించడానికి మకెలెలె ఒక్కడు చాలు. కాని కథ అక్కడ ఆగదు. 2009లో తిరిగి వచ్చిన అదే పెరెజ్ హయాంలో 2014 నుంచి 2024 లోపు ఆరు చాంపియన్స్ లీగ్ కప్పులు వచ్చాయి. ఆటగాడు కానివాడు కూడా దెబ్బ తిని నేర్చుకోగలడు. నేర్చుకునేంత కాలం కుర్చీ ఉండాలి, దెబ్బకు తట్టుకునేంత డబ్బూ ఉండాలి.

లెక్కల మనుషుల ప్రవేశం ఈ చర్చను ఇంకో మలుపు తిప్పింది. లివర్‌పూల్ స్పోర్టింగ్ డైరెక్టర్‌గా పనిచేసిన మైకేల్ ఎడ్వర్డ్స్ విశ్లేషకుడిగా మొదలైనవాడు. ఆయన దగ్గర పనిచేసిన ఇయాన్ గ్రాహం భౌతికశాస్త్రంలో డాక్టరేట్. 2017లో వాళ్ళు రోమా నుంచి మహమ్మద్ సలాను కొన్నారు. అప్పుడు రోమాలో స్పోర్టింగ్ డైరెక్టర్ మోంచీ, సెవియాలో ఒకనాటి గోల్‌కీపర్. డానీ ఆల్వెస్ లాంటివాళ్ళను చవకగా తెచ్చి లాభానికి అమ్మి, సెవియాకు అయిదు యూఈఎఫ్ఏ కప్పులు రావడంలో చేయి ఉన్న మేధావి. అమ్మింది ఆట తెలిసినవాడు, కొన్నది లెక్క తెలిసినవాడు. లెక్కే గెలిచిందని ఉత్సాహపడటం మాత్రం తొందరపాటు. రోమా ఆర్థిక నిబంధనల ఒత్తిడిలో ఉంది, అమ్మక తప్పని పరిస్థితి. పైగా ఎడ్వర్డ్స్ అప్పటికి పదేళ్ళకు పైగా క్లబ్బుల్లోనే గడిపినవాడు. పెద్ద మైదానంలో ఆడలేదన్న మాటేగాని, ఆయన్ను ఫుట్‌బాల్ మనిషి కాదనడం కుదరదు. జూదం, గణాంకాల ద్వారా డబ్బు సంపాదించిన మాథ్యూ బెన్‌హామ్ బ్రెంట్‌ఫర్డ్‌ను 2021లో ప్రీమియర్ లీగ్‌కు తెచ్చిన కథ కూడా ఇలాంటిదే. ఆయన చిన్ననాటి నుంచి ఆ క్లబ్ అభిమాని.

పరిశోధనల్లో తరచూ ప్రస్తావనకు వచ్చేవి అమాండా గుడాల్, ఆమె సహరచయితల అధ్యయనాలు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్‌లో ఒకప్పుడు మేటి ఆటగాళ్ళైన కోచ్‌ల జట్లు మెరుగ్గా ఆడాయనీ, ఫార్ములా వన్‌లో మాజీ డ్రైవర్లు నడిపిన జట్లు ఎక్కువ గెలిచాయనీ అవి తేల్చాయి. వీటిని ఫుట్‌బాల్ సీఈఓలకు నేరుగా అతికించడం సబబు కాదు. కోచ్ పని, కారు జట్టు అధిపతి పని రోజూ ఆట అంచునే ఉండేవి. స్టేడియం అద్దె ఒప్పందం రాసుకునే మనిషికి అవి వర్తిస్తాయో లేదో ఆ అధ్యయనాలు చెప్పవు. కుర్చీ ఆటకు ఎంత దగ్గరైతే అనుభవం విలువ అంత పెరుగుతుందని మాత్రం వాటి నుంచి తీసుకోవచ్చు.

సంఘాల్లో ఆటగాళ్ళు

క్లబ్బుల పైన సంఘాలుంటాయి. భారతదేశంలో ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది సంఘాల విషయంలోనే. కోర్టు నియమించిన పాలక కమిటీ ప్రతిపాదన మేరకు, 2022 ఆగస్టులో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఎన్నికల్లో 36 రాష్ట్ర సంఘాలతోపాటు 36 మంది మాజీ క్రీడాకారులకూ ఓటుహక్కు ఇవ్వాలనుకున్నారు. బయటి జోక్యం ఉందంటూ ఫిఫా భారత్‌ను సస్పెండ్ చేసింది, పది పన్నెండు రోజుల్లో కమిటీ రద్దయ్యాక ఎత్తేసింది. సెప్టెంబర్ 2న జరిగిన ఎన్నికలో ఓట్లు రాష్ట్ర సంఘాలవే. మాజీ గోల్‌కీపర్ కల్యాణ్ చౌబే 33-1 తేడాతో భాయ్‌చుంగ్ భూటియాను ఓడించి, సమాఖ్య చరిత్రలో తొలి ఆటగాడైన అధ్యక్షుడయ్యాడు. గెలిచింది ఆటగాడే, ఓడిందీ ఆటగాడే, తేల్చింది మాత్రం ఆట కాదు. వడ్డించేవాడు మనవాడా కాదా అన్న లెక్క.

కార్యవర్గంలోకి ఆరుగురు ప్రముఖ క్రీడాకారులను కూడా తీసుకున్నారు. వారిలో హైదరాబాద్‌కు చెందిన షబ్బీర్ అలీ ఒకరు. 1974 ఆసియా యువ చాంపియన్ జట్టు కెప్టెన్, సాల్గావ్‌కర్‌ను 1998-99లో జాతీయ లీగ్ విజేతగా నిలిపిన కోచ్. ఇంతమంది ఆట తెలిసినవారుండగానే, 2023లో 99దాకా ఎగబాకిన భారత్ ర్యాంక్ 2025 ముగిసేసరికి 140 దాటి కిందికి జారింది. వాణిజ్య భాగస్వామితో ఒప్పందం గడువు దగ్గరపడి, 2025-26 ఐఎస్ఎల్ సీజన్ సకాలంలో మొదలుకాలేదు. ఆగింది ఒక కాంట్రాక్టు దగ్గర, వ్యూహం దగ్గర కాదు. సమాఖ్య కొత్త రాజ్యాంగాన్ని రూపొందించే బాధ్యతను కోర్టు అప్పగించింది కూడా ఒక న్యాయకోవిదుడికే, చీరాల ప్రాంతం నుంచి వచ్చిన విశ్రాంత న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావుకు. 2025 ఆగస్టులో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టం ప్రతి క్రీడా సమాఖ్య కార్యవర్గంలోనూ మేటి క్రీడాకారులు కనీసం ఇద్దరు ఉండాలని నిర్దేశించింది. పదిహేను మందిలో ఇద్దరు. చెప్పే మాట వినిపించడానికి ఇది చాలు, నెగ్గించుకోవడానికి చాలదు.

క్రికెట్‌లో హైదరాబాద్ చూసిన ఉదాహరణ కూడా గుర్తుచేసుకోదగ్గదే. 99 టెస్టులాడిన మహమ్మద్ అజారుద్దీన్ 2019 సెప్టెంబర్‌లో హైదరాబాద్ క్రికెట్ సంఘం అధ్యక్షుడయ్యారు. 2023 ఫిబ్రవరికి ఆ సంఘం తగాదాలు ముదిరి సుప్రీంకోర్టు ఏకసభ్య కమిటీ చేతికి వెళ్ళింది. ఆ ఏకసభ్యుడూ నాగేశ్వరరావే. మణికట్టు మాయ సభ్య క్లబ్బుల ఓట్ల రాజకీయంలో పనికిరాలేదు.

జిల్లా స్థాయిలో

సిద్దిపేట నుంచి ఐఎస్ఎల్‌కో ఐ-లీగ్‌కో ఆడే క్లబ్ లేదు. రాజీవ్ రహదారి మీద హైదరాబాద్‌కు వంద కిలోమీటర్ల దూరంలో, 2016లో జిల్లా కేంద్రమైన ఇలాంటి ఊళ్ళలో ప్రశ్న రూపమే మారిపోతుంది. ఇక్కడ నాలుగు కుర్చీలుండవు, ఉండేది ఒకే స్టూలు. దాని మీద కూర్చునేది తరచూ బడి పీఈటీ. స్కూల్ గేమ్స్‌కు మండల, జిల్లా జట్లను ఎంపిక చేసేది, బూట్లు లేని పిల్లాడికి దాతను వెతికేది, పొద్దున మైదానంలో సున్నం గీతలు గీసేది, బస్సు చార్జీల బిల్లు రాసుకునేది ఆయనే. యజమాని, సీఈఓ, డైరెక్టర్, కోచ్ అంతా ఒకరే అయినచోట 'పైవరుసలో ఆట తెలిసినవారు కావాలా' అన్న ప్రశ్న అర్థంలేనిది. ఉన్నదే ఆట తెలిసినవారు. కరువైంది మిగతా ముగ్గురు.

చిన్న ఊరి క్లబ్ పెద్దవాళ్ళను గెలవగలదా అంటే 2016-17 ఐ-లీగ్‌ను గెలిచిన మిజోరం క్లబ్ ఐజాల్ ఎఫ్‌సీని చూడాలి. అంతకుముందు సీజన్‌లో దిగువ శ్రేణికి పడిపోయి, గోవా క్లబ్బులు తప్పుకోవడంతో తిరిగి చోటు దక్కించుకున్న జట్టు అది. యజమాని రాబర్ట్ రోమావియా రోయ్‌తె వ్యాపారి, రాజకీయ నాయకుడు. కోచ్ ఖాలిద్ జమీల్, భారత జట్టుకు ఆడినవాడు, 2025 ఆగస్టులో ఆ జట్టుకే కోచ్ అయ్యాడు. కానీ వాళ్ళిద్దరికంటే ముందు చెప్పుకోవాల్సింది 2012లో మొదలైన మిజోరం ప్రీమియర్ లీగ్. స్థానిక కేబుల్ టీవీ సంస్థ డబ్బు పెట్టింది, మ్యాచ్‌లు ప్రసారం చేసింది. సంఘం తేదీలు తప్పకుండా లీగ్ నడిపింది. రెండేళ్ళలో, 2014లో, మిజోరం సంతోష్ ట్రోఫీ గెలిచింది. కేబుల్ వ్యాపారికి డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డ్ అంటే ఏమిటో తెలియాల్సిన పని పడలేదు. ప్రతి వారం ఫలానా రోజు ఫలానా వేళకు ఆట ఉంటుందని నమ్మకం కలిగించడమే ఆయన వాటా.

తెలంగాణ జిల్లాల్లో ప్రతిభకు లోటు లేదు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడే స్థాయికి వెళ్ళింది. లోటు కొనసాగింపులో ఉంది. పీఈటీ బదిలీ అయితే ఆయనతో పాటు జట్టూ పోతుంది. పదేళ్ళుగా ఏ పిల్లాడి ఎడమకాలు బలమో, ఎవరి వయసు కాగితాల్లో తేడా ఉందో, ఏ ఊరి బడిలో గోల్‌కీపర్లు పుడతారో, అన్నీ ఆయన జ్ఞాపకంలోనే ఉంటాయి. 1963లో హైదరాబాద్ పోగొట్టుకున్నదే ఇది, చిన్న పరిమాణంలో ఏటా జిల్లాల్లో జరుగుతుంటుంది.

కాబట్టి సిద్దిపేట లాంటి పట్టణంలో క్లబ్ పెట్టేవారికి ముందు కావలసిన పనులు ఆడంబరమైనవి కావు. సమాఖ్య డి-లైసెన్సు కోర్సు చేసిన ఒక కోచ్ ఉండాలి, ఎవరు ఆడాలన్నది చందాదారుడు కాక ఆయనే తేల్చాలి. మైదానం వాడుకునే వేళలపై మున్సిపాలిటీతోనో కాలేజీతోనో రాతపూర్వకమైన అంగీకారం ఉండాలి. నెలనెలా పద్దు చదివి వినిపించే కోశాధికారి ఉండాలి, ఆయన ఊళ్ళో కిరాణా వర్తకుడైనా, బ్యాంకు నుంచి రిటైరైనవాడైనా సరిపోతుంది. పదమూడేళ్ళ లోపు పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, నమోదు సంఖ్యలు, ఎవరు ఏ స్థానంలో ఆడారు, ఎంతవరకు ఎదిగారు అన్న వివరాల పుస్తకం పీఈటీ ఇంట్లో కాక క్లబ్ బీరువాలో ఉండాలి. బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజున ఆయన ఆ బీరువా తాళంచెవి అప్పగించి బస్సెక్కితే, మర్నాడు సాయంత్రం కొత్త కోచ్ ఆ పుస్తకం తెరిచి పిల్లలను పేరుపెట్టి పిలవగలుగుతాడు.